చెప్పుల కింది దుమ్ము

డ్యూక్‌కి తొమ్మిదేళ్లు నిండాయని ఉమాశ్రీకి సర్వీస్ లిఫ్ట్‌లో తెలిసింది.

ఆ రోజు మామూలు లిఫ్ట్‌లు రెండూ పనిచేయడం లేదు. స్కూలు నుంచి వచ్చి, భుజాన జవాబు పత్రాల సంచితో, చెత్త డబ్బాలూ గ్యాస్ బండలూ ఎక్కే ఆ లిఫ్ట్ ముందు నిలబడింది. తలుపులు తెరుచుకున్నాయి. లోపల లిఫ్ట్ నిండా కుక్కే ఉంది. బూడిదరంగు ఒళ్లు, మనిషి నడుం ఎత్తు, కంచంత మొహం. దాని వెనక గోడకు అంటుకుపోయి పనిమనిషి లచ్చమ్మ, పక్కన చేతిలో కేకు డబ్బాతో స్రవంతి.

"రండక్కా, జర సర్దుకుంటడు," అంది స్రవంతి. పన్నెండో అంతస్తులో ఉంటుంది. కరీంనగర్ వైపు పిల్ల, హైటెక్ సిటీలో ఉద్యోగం. "ఇయ్యాల మావోడి బర్త్‌డే. తొమ్మిది నిండినయ్."

"తొమ్మిదా?"

"ఔనక్కా. గ్రేట్ డేన్ అంటే ఏడేండ్లే అని భయపెట్టిండ్రు అప్పట్ల. వీడేమో దున్నపోతు లెక్కున్నడు. స్పెషల్ ఫుడ్డు లేదు, ఏం లేదు."

"పొద్దుగాల పెరుగన్నం, మాపటికి పెరుగన్నం," అంది లచ్చమ్మ వెనకనుంచి. "ఐతారమైతే ఇన్ని బొక్కలు. దొరకు ఇంకేం గావాలె?"

డ్యూక్ అంటే ఇంగ్లీషులో దొర అని ఎవరో చెప్పిన నాటి నుంచి లచ్చమ్మకు అది దొరే. ఆ దొర ఉమాశ్రీ చేతిని వాసన చూసి, తన పెద్ద తల తెచ్చి ఆమె పొట్టకు ఆనించింది.

"సంతోషమండీ," అంది ఉమాశ్రీ.

ఆమె ఉండేది ఏడో అంతస్తు. ఐదో అంతస్తులో దిగి, మిగతా రెండూ మెట్లెక్కింది.

*

ఉమాశ్రీ వాళ్లకూ ఒక గ్రేట్ డేన్ ఉండేది. పేరు సింహాద్రి. భర్త యజ్ఞనారాయణది విశాఖపట్నం దగ్గర ఊరు. ఇంట్లో పుట్టిన మగపిల్లలకు ఆ పేరు పెట్టుకోవడం వాళ్లకు ఆనవాయితీ. పిల్లలు లేరు కాబట్టి ఆ పేరు కుక్కకు వచ్చింది.

ఉమాశ్రీ ఖాజాగూడలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. ఏ పనైనా పుస్తకం చదవకుండా మొదలుపెట్టదు. సింహాద్రి రెండు నెలల పిల్లగా రాకముందే ఆ జాతి గురించి దొరికినదంతా చదివింది. పెద్ద కుక్కలకు ఆయుష్షు తక్కువ అనీ, ఎంత పెద్ద ఒళ్లయితే అంత తక్కువ అనీ అప్పుడే తెలిసింది. తెలిసే తెచ్చుకుంది. జాగ్రత్తగా చూసుకుంటే ఆ తక్కువలో ఎక్కువ రాబట్టవచ్చు అనుకుంది.

తిండి తూకం వేసి మూడు పూటలు పెట్టేది. తిన్న గంటసేపటి వరకు పరుగెత్తనిచ్చేది కాదు. ఈ కుక్కలకు కడుపు మెలిపడుతుంది. కీళ్లు గట్టిపడేదాకా, అంటే ఏడాదిన్నర వరకు, మెట్లు ఎక్కనివ్వలేదు. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారకుండా ఇల్లంతా రబ్బరు పరుపులు పరిచింది. ఏటా గుండె పరీక్ష చేయించేది. ఐదో ఏడు పరీక్షలో గుండె బాగుందన్నారు. ఆరో ఏడు నిండేలోపు ఒక సాయంత్రం సింహాద్రి దగ్గాడు. గుండె పెద్దదైపోయిందన్నారు. ఈ జాతికి అది మామూలేనన్నారు.

ఆ తర్వాత రెండు నెలలున్నాడు. వెనక కాళ్లలో సత్తువ పోయింది. నడుం ఎత్తి నడిపించడానికి బజార్లో దొరికే ఏ పట్టీ వాడికి పట్టలేదు. నార్సింగిలో కారు సీటు కవర్లు కుట్టే అతని దగ్గరికి వెళ్లి, కాగితం మీద బొమ్మ గీసి, కొలతలిచ్చి, మందపాటి కాన్వాసుతో ఒక నడుం పట్టీ కుట్టించింది. రెండు వైపులా పట్టుకునే చేతులు, కింద మెత్త, బిగించడానికి ఐదు రంధ్రాలు. దానితో ఆమె ఒకవైపు, యజ్ఞనారాయణ ఒకవైపు పట్టుకుని వాడిని రోజుకు నాలుగుసార్లు కిందికి తీసుకెళ్లేవారు. చివరి వారంలో పదకొండు అడుగులు వేసేవాడు. పదకొండు వేసి కూర్చునేవాడు.

మాఘమాసంలో, ఒక మంగళవారం పొద్దున్నే, బాల్కనీ తలుపు దగ్గర పోయాడు. వాడికి సరిగ్గా ఆరేళ్లు. ఆ రోజు ఆమె బడికి వెళ్లింది. రెండో పీరియడ్‌లో బోర్డు మీద ఒక కూడిక తప్పు చేసింది. పిల్లలు చెప్పాక దిద్దింది.

ఇప్పుడు లిఫ్ట్‌లో విన్న మాట ఆమెను వదల్లేదు. తొమ్మిది.

ఎనిమిదో తరగతికి ఆ వారమే సగటు పాఠం. సగటు ఏడున్నర అంటే అందరికీ ఏడున్నర అని కాదు, కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ అని చెబుతూ మధ్యలో ఆగింది. ఆరూ తొమ్మిదీ పదిహేను. అందులో సగం ఏడున్నర. తను ఆ రోజుల్లో చదివిన పుస్తకంలో ఈ జాతికి రాసిపెట్టిన అంకె సరిగ్గా అదే.

పక్కవాడికి తొంభై మార్కులు రావడం వల్ల నీకు అరవై రాలేదు అని పిల్లలకు వందసార్లు చెప్పి ఉంటుంది. ఒకరి అంకె ఇంకొకరిది తీసుకుని పెరగదు. ఈ సంగతి ఆమెకు తెలియక కాదు. అయినా సింహాద్రి వాడుకోని ఏళ్లు ఎటు పోయాయో, ఎవరింట్లో పెరుగన్నం తింటున్నాయో కళ్లకు కట్టినట్టు కనబడింది. పుస్తకం ముట్టని పిల్లవాడు మొదటి ర్యాంకు తెచ్చుకుంటే, రాత్రింబవళ్లు చదివించుకున్న తల్లి ఆ పిల్లవాడి వైపు ఎలా చూస్తుందో, ఆమె డ్యూక్‌ను అలా చూడడం మొదలుపెట్టింది.

*

చూడకుండా ఉండాలనే అనుకుంది. బడి నుంచి వచ్చే వేళ మార్చుకుంది. కాని సాయంత్రం ఆరింటికి కాఫీ గ్లాసుతో బాల్కనీలోకి వచ్చేది. కింద కుక్కల కోసం ప్లాస్టిక్ గడ్డి పరిచిన చోటు ఉంది. లచ్చమ్మ డ్యూక్‌ను అక్కడికే తెచ్చేది. నిజానికి లచ్చమ్మ తెచ్చేది కాదు, అదే లచ్చమ్మను తెచ్చేది.

పిల్లలు చుట్టూ చేరేవారు. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు ఆగి ఫోటోలు దిగేవారు. "తొమ్మిదేండ్లు, తొమ్మిదేండ్లు," అని లచ్చమ్మ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేది. ఏడో అంతస్తు దాకా వినబడేది. వయసు అలా బయటికి చెప్పకూడదని ఆ మనిషికి ఎవరూ చెప్పలేదా అనుకునేది ఉమాశ్రీ.

ఏం చూస్తోందో తనకు తెలుసు. కూర్చున్న కుక్క లేవడానికి ఎంతసేపు పడుతుందో చూస్తోంది. శ్రావణంలో మూడు లెక్కపెట్టేలోపు లేచేది. వినాయక చవితి నాటికి ఆరు. ఆ తర్వాత ఒక సాయంత్రం డ్యూక్ కుడి వెనక కాలు పాదం మడతపడి, గోళ్లు నేలకు రాసుకున్నాయి. లచ్చమ్మ చూడలేదు. స్రవంతి ఫోన్లో మాట్లాడుతోంది. ఆ అడుగును చూసినది మొత్తం ఆ ప్రాంగణంలో ఉమాశ్రీ ఒక్కతే.

ఆ క్షణాన ఆమె లోపల ఏదో తేలికపడింది.

కాఫీ చల్లారిపోయింది. పారబోసి గ్లాసు కడుగుతూ, తనకు కలిగినదానికి ఏ పేరు పెట్టాలో ఆలోచించింది. ఒక పేరు తట్టింది. దాన్ని పైకి అనలేదు. కిందికి వెళ్లి, డాక్టరుకు కాలు చూపించండి అని వాళ్లకు చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. వెళ్లలేదు.

*

మూడు వారాల తర్వాత ఒక గురువారం డ్యూక్ కింది లాబీలో పడిపోయాడు. నున్నటి గ్రానైట్ మీద వెనక కాళ్లు రెండూ చెరోవైపు జారిపోయాయట. కాపలాదారు మొగిలి, లచ్చమ్మ, ఇద్దరు డెలివరీ కుర్రాళ్లు దుప్పటిలో వేసి మోసుకెళ్లారట. ఈ వివరాలన్నీ శుక్రవారం సాయంత్రం గుమ్మంలో నిలబడి స్రవంతే చెప్పింది. ఆఫీసు ఐడీ కార్డు ఇంకా మెడలోనే ఉంది. కళ్లు వాచి ఉన్నాయి.

"నడుం నరాలు వీకైనయట అక్కా. వయసంట. ముందటి కాళ్లు గట్టిగనే ఉన్నయ్, వెనకనుంచి ఎత్తి పట్టుకుని రోజుకు నాలుగుసార్లు నడిపిస్తే ఇంకొన్ని నెలలుంటడు, వచ్చే బర్త్‌డే గుడ చూడొచ్చు అన్నరు డాక్టర్. ఒక్కకాడ పండుకుంటే మాత్రం పుండ్లు పడ్తయట. సోమవారం తీస్కరమ్మన్నరు. అప్పటికి నడవకుంటే..."

ఆపేసింది. ఉమాశ్రీ మిగతాది అడగలేదు. ఆ వాక్యం చివర ఉండేది శాశ్వతంగా నిద్రపుచ్చే సూది అని తెలుసు.

"దుప్పటేసి ఎత్తుతున్నం. కడుపుకాడ ఒరుసుకపోతుంది, లేవంగనే అరుస్తుండు. మీ సింహాద్రికి మీరేదో పట్టీ కుట్టిపిచ్చిన్రు గదక్కా, లచ్చమ్మ చెప్పింది. ఆన్‌లైన్ల వీడి సైజు దొరుకుతలేదు. సీటు కవర్లాయన కాడికి పోయిన, దుకాణం బంద్. ఊరికి పోయిండట. ఆ పట్టీ జర ఇస్తే..."

వచ్చే పుట్టినరోజు అంటే పది.

"ఇచ్చేశామండీ," అంది ఉమాశ్రీ.

"ఎవరికక్కా? చెప్పండి, నేను పోయి అడుక్కుంట."

"గుర్తు లేదు."

స్రవంతి తల ఊపింది. "ఏం ఫికర్ లేదక్కా. మీకెందుకు మళ్ల అవన్నీ యాది చేసుడు, తప్పైంది," అని లిఫ్ట్ వైపు వెళ్లింది.

లోపల యజ్ఞనారాయణ పేపరు చదువుకుంటున్నాడు. చాలాసేపు పేజీ తిప్పలేదు.

"ఎవరికిచ్చావు?" అన్నాడు.

"ఏది?"

"స్టోర్‌లో పాత కుక్కర్ వెనక ఉన్నది. మొన్న బల్బు కోసం వెతుకుతుంటే చేతికి తగిలింది."

"అది సింహాద్రిది."

"కాదని ఎవరన్నారు?" అని ఆయన పేపరు మడిచి లేచాడు.

ఆ రాత్రీ మర్నాడూ ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన పోట్లాడే పద్ధతి అదే. శనివారం సాయంత్రం ఆరింటికి ఉమాశ్రీ బాల్కనీలోకి వెళ్లలేదు. కాని ఏడో అంతస్తుకు అరుపు వినబడింది. ఒకటే అరుపు, పొట్టిగా. దుప్పటి ఎత్తినప్పటిది.

*

ఆదివారం పొద్దువాలుతుండగా వరండాలో ఎవరో దేన్నో టపటపా కొడుతున్న శబ్దమైంది. ఉమాశ్రీ తలుపు తీసింది. ఎదురింటి గుమ్మం ముందు లచ్చమ్మ. ఒక చేత్తో వాళ్ల డోర్ మ్యాట్ పట్టుకుని, కింద పరిచిన పాలిథిన్ కవర్ మీద దులుపుతోంది.

"ఏం చేస్తున్నావు?"

"దొరకు దిష్టి తీస్తందుకమ్మా. కన్ను పెట్టినోళ్ల అడుగుల మట్టి గావాలె. ఊర్లయితే ఎనక ఎనక నడిచి అడుగు కింద మట్టి ఎత్తుకస్తం. ఈడ మట్టి ఏడున్నది? అన్ని బండలే, గడ్డి గుడ ప్లాస్టిక్‌దే. గందుకే మ్యాట్లు దులుపుకుంట వస్తున్న."

"అందరివీనా?"

"ఎవరి కన్నో ఎట్ల తెలుస్తది? కుక్కను ఆగి సూశినోళ్లందరియి. ఇరవయ్యో అంతస్తు సంది దిగుతున్న." కవర్ ఎత్తి చూపించింది. అడుగున చిటికెడు బూడిదరంగు దుమ్ము. "పదో అంతస్తు సార్ మ్యాటు దులిపితె ఏం రాలినయో ఎరికేనా? చిప్సు పలుకులు! ఇంట్ల కూసుండే ఆఫీసు చేస్తడట. కాలు కింద పెడ్తె గద దుమ్మంటేది. గా సార్ కన్ను పెట్టినా గట్టిగ తగలదు లే."

ఉమాశ్రీకి నవ్వు రాబోయింది. రాలేదు.

లచ్చమ్మ ఎదురింటి మ్యాట్ సర్దిపెట్టి, కవర్ తీసుకుని, ఉమాశ్రీ గుమ్మం దాటి పక్క ఫ్లాట్ వైపు నడిచింది.

"మాది దులపవా?"

"మీదెందుకు టీచరమ్మా?" లచ్చమ్మ వెనక్కి తిరక్కుండానే అంది. "అసుమంటి బిడ్డను పోగొట్టుకున్నోళ్లు. కడుపుకోత సూశినోళ్ల కన్ను ఇంకోళ్లకు తగుల్తదా?"

పక్క ఫ్లాట్ మ్యాట్ కూడా దులిపింది. లిఫ్ట్ బటన్ నొక్కింది. ఇరవయ్యో అంతస్తు నుంచి ప్రతి గుమ్మాన్నీ అనుమానించిన మనిషి ఈ ఒక్క గుమ్మాన్ని వదిలేసింది. పేపర్లు దిద్దేటప్పుడు తప్పుడు జవాబుకు పొరపాటున మార్కులు వేసేసిన సంగతి, పేపర్లు ఇచ్చేశాక గుర్తొస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఉమాశ్రీకి.

"లచ్చమ్మా, ఆగు."

మ్యాట్ ఆ పొద్దున్నే ఉతికి ఆరేసింది. ఆదివారం ఉతకడం ఆమె అలవాటు. అందులో దుమ్ము దొరకదు. చెప్పుల గూటిలోంచి బడికి వేసుకెళ్లే చెప్పులు తీసింది. ఖాజాగూడ గుట్టరాళ్ల మధ్య ఆ బడికి ఇంకా మట్టి మైదానం మిగిలే ఉంది. రెండు చెప్పులూ పట్టుకుని లచ్చమ్మ చేతిలోని కవర్ మీద ఒకదానితో ఒకటి కొట్టింది. ఎర్రటి మట్టి పొరలుగా రాలింది.

"గిది మట్టంటే!" అంది లచ్చమ్మ. తర్వాత తలెత్తి ఆమె మొహం చూసి, "ఎందుకమ్మా?" అంది.

"నేను చూశాను."

"అందరు సూశిండ్రు."

"అలా కాదు. ఎప్పుడు పడతాడా అని చూశాను. కాలు మడతపడ్డ రోజు నేనే ముందు చూశాను. చెప్పలేదు."

లచ్చమ్మ కవర్ మూతి ముడివేసింది. ముడి వేయడానికి పట్టేదానికన్నా ఎక్కువసేపే పట్టింది.

"సూస్తరమ్మా," అంది చివరికి. "మనుషులం గదా. మా యారాలుండె, మా మరిది పెండ్లాం. దాని బర్రె పూటకు ఐదు లీటర్లిచ్చేది. నాది రెండు. నేను పొద్దుమాపు గా బర్రెనే సూశేదాన్ని. ఒకనాడు సూసుకుంట సూసుకుంట దగ్గరికి పోయిన. ఎగిరి తన్నింది. ఇగో, గీడ." మోకాలి కింద మచ్చ చూపించింది. "బర్రెకేం గాలె."

లిఫ్ట్ వచ్చి, తలుపులు తెరుచుకుని, మూసుకుపోయింది.

"మీరు గుడ కిందికి రాండ్రి. సూశినోళ్లు దగ్గరుంటె జల్ది దిగుతది."

*

ఇంట్లో మిరపకాయలు కాల్చడానికి వీల్లేదు. పైకప్పుకు బిగించిన పొగ యంత్రాలు అరుస్తాయి. అందుకని జనరేటర్ గది వెనక, ప్రహరీ గోడ పక్కన చోటు చూసింది లచ్చమ్మ. మొగిలి పగిలిన పూలకుండీ ఒకటి తెచ్చి, అందులో ఇస్త్రీ బండి నుంచి అడిగి తెచ్చిన నిప్పులు పోశాడు.

"సెక్రటరీ సార్ చూస్తే నా నౌకరి పోతది లచ్చక్కా," అన్నాడు.

"పోతె పోనీ. దొర కాడ పీఏగా ఉందువు."

"దొరనే నడవలేడు, నాకేం జీతమిస్తడు?"

"నోరు ముయ్యి, దిష్టి కాడ గసుమంటి మాటలా?"

డ్యూక్‌ను దుప్పటితో మోసి అక్కడికి చేర్చారు. ముందు కాళ్ల మీద కూర్చున్నట్టుగా ఉన్నాడు. వెనక భాగం ఎవరిదో సామాను లాగా పక్కకు పడి ఉంది. పొట్ట కింద దుప్పటి ఒరిసినచోట వెంట్రుకలు ఊడి ఎర్రగా కనబడుతోంది. స్రవంతి వాడి తల పక్కన నేల మీదే కూర్చుంది. ఉమాశ్రీని చూసి జరిగి చోటిచ్చింది. ఉమాశ్రీ కూర్చోలేదు.

డ్యూక్ తల తిప్పి ఆమె వైపు చూశాడు. లిఫ్ట్‌లో చేసినట్టే ముక్కు ముందుకు చాచాడు. ఈసారి అందలేదు.

లచ్చమ్మ గుప్పిట్లో ఎండుమిరపకాయలు, ఉప్పు, కవర్లోని మట్టి కలిపి పట్టుకుంది. కుక్క చుట్టూ మూడుసార్లు తిప్పింది. "ఎక్కెటోళ్ల కన్ను, దిగెటోళ్ల కన్ను, ఎదురింటోళ్ల కన్ను, ఎరుకైనోళ్ల కన్ను, అన్ని కన్నులు మండిపోవాలె," అని నిప్పుల మీద వేసింది.

"ఘాటొస్తే దిష్టి లేనట్టు. రాకుంటే దిష్టి ఉండి, ఇప్పుడు పోయినట్టు," అని మొగిలి స్రవంతికి మెల్లగా చెప్పాడు.

మిరపకాయలు నల్లబడ్డాయి. పొగ లేచింది. ఎవరూ దగ్గలేదు. లచ్చమ్మ ముక్కు ముందుకు పెట్టి పీల్చింది. "వస్తలేదు," అంది. గొంతులో ఆశ.

ఉమాశ్రీ లెక్కలు చెప్పే మనిషి. ఇవేవీ నమ్మదు. కాని ఆ నిమిషంలో ఆ పొగ ఘాటు లేకుండా పోవాలని ఆమె కోరుకున్నంతగా అక్కడున్న ఎవరూ కోరుకుని ఉండరు. తన కన్నే అయి ఉంటే, ఆ కాలిన మట్టితో అది పోతుంది. కుక్క లేస్తుంది. తప్పు చేసినవాళ్లు ఒకరున్నారంటే దిద్దడానికి ఒక దారి ఉంటుంది.

గాలి తిరిగింది.

ముందు మొగిలి దగ్గాడు. తర్వాత స్రవంతి. తర్వాత అందరికన్నా గట్టిగా, వంగిపోయి, కళ్లనీళ్లు కారేలా ఉమాశ్రీ దగ్గింది. డ్యూక్ రెండుసార్లు తుమ్మి తల విదిలించాడు. లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఘాటొచ్చింది," అంది. "దిష్టి గాదు బిడ్డా. వయసే."

స్రవంతి మొహం చేతుల్లో దాచుకుంది. "దిష్టయితే మంచిగుండు," అంది.

ఆ మాటే ఉమాశ్రీ నోట్లోనూ ఉంది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. డ్యూక్ కాళ్లు ఆమె కన్ను తగిలి పోలేదు. సింహాద్రి గుండె ఏ కన్నూ తగిలి పెద్దదవలేదు. తూకం వేసిన తిండి వల్లా పోలేదు, పెరుగన్నం పెట్టకపోవడం వల్లా పోలేదు. ఎవరిమీదా వేయడానికి ఏమీ లేదు. డ్యూక్ తొమ్మిదిలో సింహాద్రి వాడుకోని ఏళ్లు లేవు. వాటిని తీసుకున్నవాళ్లు ఎవరూ లేరు. అలా ఎవరూ లేకపోవడం ఈ ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆమెకు పూర్తిగా తెలిసింది. ఇంతకన్నా అసూయే తేలికగా ఉండేది.

అయితే ఒకటి మాత్రం ఆమె చేతిలో ఉంది. అది పాత కుక్కర్ వెనక ఉంది.

"స్రవంతీ," అంది. ఎప్పుడూ గారు అని పిలిచే మనిషి. "వాణ్ని ఇక్కడే ఉంచు. ఇప్పుడే వస్తాను."

*

స్టోర్‌లో దీపం వేసి, కుక్కర్ పక్కకు జరిపి, పట్టీ బయటికి తీసింది. కింది మెత్తకు నల్లవీ తెల్లవీ పొట్టి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటి కోసమే దాన్ని దులపలేదు. ఒక క్షణం ఆగి ఒకే ఒక వెంట్రుక తీసింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్లీ అక్కడే అంటించింది. యజ్ఞనారాయణ హాల్లో నుంచి చూశాడు. చెప్పులు వేసుకుని ఆమె వెనకే వచ్చాడు.

జనరేటర్ గది వెనకకు వచ్చేసరికి నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. స్రవంతి పట్టీ వైపు చూసింది, తర్వాత ఉమాశ్రీ వైపు.

"ఇచ్చేసినమన్నరు గదక్కా?"

"అబద్ధం చెప్పాను."

లచ్చమ్మ నేల చూపులు చూసింది. స్రవంతి వేళ్లు డ్యూక్ పొట్ట కింద ఒరిసిన చోటును తడిమాయి.

"రెండు రోజులక్కా," అంది. అంతే అంది. అందులో తిట్టు లేదు, క్షమించడమూ లేదు. ఉమాశ్రీ తల వంచుకుని విన్నది. విద్యార్థి తప్పు ఎత్తి చూపినప్పుడు టీచరు చేయవలసినది అదే.

తర్వాత మోకాళ్ల మీద కూర్చుని పట్టీ కట్టింది. మెత్త ఒరిపిడి మీద పడకుండా కాస్త వెనక్కి జరిపింది. సింహాద్రికి నాలుగో రంధ్రంలో పెట్టేది. అక్కడ కాన్వాసు సాగి నోరు తెరిచి ఉంది. డ్యూక్‌కి ఇంకా బిగించి, రెండో రంధ్రంలో పెడితే సరిపోయింది. మా వాడు పెద్దవాడు అనుకుంది. అనుకోకుండా ఉండలేకపోయింది.

"ఒకవైపు నువ్వు పట్టుకో. నడుంతో కాదు, మోకాళ్లు వంచి లేపాలి. వాడు లేస్తాను అన్నప్పుడే లేపాలి, ముందే లాగకూడదు. చెవులు చూడు, ముందుకు వస్తాయి."

డ్యూక్ చెవులు ముందుకొచ్చాయి. ఇద్దరూ లేపారు. అరవలేదు. నిలబడ్డాడు. ఏం జరిగిందో అర్థంకానట్టు చుట్టూ చూసి, ఉన్నచోటే, పూలకుండీలోని నిప్పుల మీదికి ధారగా పోశాడు. బుస్సుమని ఆవిరి లేచింది. అందరూ వెనక్కి గెంతారు.

"దొరే ఆర్పేసిండు!" అన్నాడు మొగిలి. "లచ్చక్కా, అయిపోయింది నీ దిష్టి."

లచ్చమ్మ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ మొగిలిని తిట్టింది. స్రవంతి కూడా నవ్వింది, ఉమాశ్రీ వైపు చూడకుండా.

"నడిపిద్దాం," అంది ఉమాశ్రీ.

ప్రహరీ గోడ వెంబడి నడిచారు. అటుపక్క ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీలు పోతున్నాయి. డ్యూక్ ముందు కాళ్లు గట్టిగా పడుతున్నాయి, వెనక కాళ్లు గాల్లో సగం, నేల మీద సగం. ఉమాశ్రీ ఎప్పటిలాగే లెక్కపెట్టింది. ఏడు. ఎనిమిది. తొమ్మిది దగ్గర కొంచెం తూలాడు, పట్టీ బిగించి ఆపింది. పది. పదకొండు.

పదకొండు దగ్గర ఆమె చేయి దానంతటదే కిందికి దిగబోయింది. అక్కడ కూర్చోబెట్టడం దానికి అలవాటు.

డ్యూక్ కూర్చోలేదు. పన్నెండో అడుగు వేశాడు.

పట్టీ వదలకుండా పదమూడు లెక్కపెట్టింది.